పాత చర్చి బొమ్మల కింద కాస్త ఊరూ పేరూ వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో క్రైస్తవ పండగల మీద మీరు వేసిన రెండు పేజీల వ్యాసం చదివాను, రాసినాయన బాగానే రాశారు, నాకు దాంతో పేచీ ఏమీ లేదు. పేచీ అంతా పైన సగం పేజీకి వేసిన ఆ నలుపు తెలుపు బొమ్మతోనే. ఆరుబయట ఒక ఫాదర్ గారు నిలబడి దీవిస్తుంటే చుట్టూ ఆడా మగా మోకాళ్ళ మీద ఉంటారు చూడండి, ఆ బొమ్మ. దాని కింద మీవాళ్ళు పూర్వకాలంలో చర్చి ప్రార్థన అని ఒక ముక్క వేసి ఊరుకున్నారు. ఏ దేశం, ఏ సంవత్సరం, ఎవరు గీశారు, ఎక్కడ అచ్చయింది, ఏమీ లేదు.

అది చర్చి ప్రార్థన కాదండీ. ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ అనే వారపత్రికలో 1851 మే 10న వచ్చిన బొమ్మ అది. ఐర్లండ్‌లో బంగాళాదుంపకి తెగులొచ్చి ఏళ్ళ తరబడి పంట పోయి, తిండి లేక, జ్వరాలొచ్చి పది లక్షల మంది దాకా చచ్చిపోయి, ఇంకో పది లక్షల పైన దేశం వదిలి ఓడలెక్కిన రోజులవి. 1841 జనాభా లెక్కలో 81 లక్షల పైచిలుకు ఉన్న దేశం 1851 లెక్కకి వచ్చేసరికి 65 లక్షల దగ్గరకి దిగిపోయింది. ఆ పోయేవాళ్ళు ఊరు దాటే ముందు తమ విచారణ గురువు, అంటే ఊరి గుడి ఫాదర్ గారి దగ్గర దీవెన తీసుకుంటున్నారు, బొమ్మలో జరిగేది అదీ. అమెరికా పోయినవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ ఆ ఊరి మొహం చూసింది లేదు, కాబట్టి వాళ్ళ లెక్కలో అది దాదాపు చావు ఇంటి ప్రార్థన లాంటిది. మీ పేజీలో మాత్రం పండగ వ్యాసం నెత్తిన, పక్కన కేకు ఫోటోతో వచ్చింది.

ఒక క్యాప్షన్ కోసం ఇంత పెద్ద ఉత్తరమా అంటారేమో, నేనెవర్నో చెప్తే మీకే అర్థమవుతుంది. మాది ఫిరంగిపురం వైపు, ఆర్‌సీఎం, అంటే రోమన్ కతోలిక కుటుంబం. గుంటూరులో చాలా ఏళ్ళు ట్రెడిల్ ప్రెస్సు నడిపాను, శుభలేఖలు, కరపత్రాలు, నవదిన ప్రార్థనల పుస్తకాలు, తిరునాళ్ళ నోటీసులు అన్నీ కొట్టాం. మరియమాత బొమ్మ కావాలంటే విజయవాడ పంపి జింకు బ్లాకు చేయించుకునేవాళ్ళం, అది చెక్క దిమ్మకి మేకులతో కొట్టి టైపు పక్కన ఫారంలో బిగించి అచ్చేసేవాళ్ళం. అందుకే పాత బొమ్మ ఏది కనపడినా నా కళ్ళు ముందు గీతల మీదకి పోతాయి, తర్వాతే అందులో మనుషుల మీదకి. ప్రెస్సు మూసేశాక పనేముంది, ఈ పాత పత్రికల బొమ్మలు కంప్యూటర్లో దించుకుని పెద్దవి చేసి చూసుకోవడమే.

విక్టోరియా రాణి కాలం అంటే 1837 నుంచి 1901. పత్రికలో ఫోటోని ఫోటోలాగా అచ్చెయ్యడం అనేది ఆ కాలం ఆఖర్లో గానీ రాలేదు, అంతకు ముందంతా కొయ్య చెక్కడమే. బాక్స్‌వుడ్ అని బాగా గట్టి కర్ర, ఆ చెట్టు లావు ఎక్కదు కాబట్టి అడ్డంగా కోసిన చిన్న చిన్న ముక్కల్ని వెనకాల బోల్టులతో బిగించి పెద్ద పలక చేసేవాళ్ళు. దాని మీద తెల్లరంగు పూసి ఆర్టిస్టు బొమ్మని కుడిఎడమలు తిరగేసి గీసేవాడు. గీశాక బోల్టులు ఊడదీసి తలా ఒక ముక్క పంచేవాళ్ళు, పని తొందరైతే రాత్రంతా కూర్చుని చెక్కి, మళ్ళీ ముక్కలన్నీ బిగించి, అతుకు దగ్గర ఈ ముక్క గీత ఆ ముక్క గీతతో కలిసేలా పెద్ద మేస్త్రీ సరిచేసి ప్రెస్సుకి పంపడం. ఇలాంటి పెద్ద బొమ్మల్ని కాస్త జూమ్ చేసి చూడండి, కొన్నిట్లో ఆకాశం మీదుగానో గోడ మీదుగానో సన్నటి తెల్ల గీత ఒకటి నిట్టనిలువుగా పోతుంటుంది, అదే అతుకు. నాకు అది కనపడితే ఎందుకో భలే సంతోషం, పనివాళ్ళు కనపడ్డట్టు ఉంటుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, రోములో పెద్ద గుళ్ళో ఒక మూల నిలబడి పెన్సిల్‌తో స్కెచ్ గీసినవాడు ఒకడు, పోస్టులో వచ్చిన ఆ స్కెచ్‌ని లండన్‌లో కూర్చుని పలక మీదకి ఎక్కించినవాడు ఇంకొకడు, చెక్కినవాళ్ళు నలుగురో ఐదుగురో. వీళ్ళలో ఎంతమంది జీవితంలో ఒక్క పూజన్నా చూశారో దేవుడికే తెలియాలి. అసలు ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ మొట్టమొదటి సంచికే చూడండి, 1842 మే 14. జర్మనీలో హాంబర్గ్ ఊరు తగలబడిపోతోందని పెద్ద బొమ్మ వేశారు. అక్కడికి ఎవర్నీ పంపలేదు, బ్రిటిష్ మ్యూజియంలో హాంబర్గ్ పాత బొమ్మ ఒకటి దొరికితే దాన్ని చూసి గీసి పైన మంటలు, ముందు చూసే జనం కలిపేశారు. ఆ సంచిక ఆరు పెన్నీలు, 26,000 కాపీలు పోయింది. పెట్టినాయన హెర్బర్ట్ ఇంగ్రామ్, నాటింగ్‌హామ్‌లో ప్రింటరు, పేపర్లు కూడా అమ్మేవాడు, బొమ్మలున్న రోజు పేపరు ఎక్కువ అమ్ముడుపోతోందని కొట్లో కూర్చుని కనిపెట్టిన మనిషి. వ్యాపారం తెలిసినవాడు, అది తప్పని నేననను, నేనూ ప్రెస్సు నడిపినవాణ్ణే.

కతోలిక బొమ్మల దగ్గరకొస్తే నేను చూసినంతలో ఒక విచిత్రం ఉంది. ఆ రోజుల ఇంగ్లీషు పత్రికల్లో ఇంగ్లండు కతోలికుల బొమ్మలు దాదాపు అన్నీ గుడి లోపలివే, బిషప్ గారి అభిషేకం, పెద్దవాళ్ళ అంత్యక్రియల పూజ, కొత్త గుడి ప్రారంభం, ఇలాంటివి. మనకి తిరునాళ్ళంటే గుర్తొచ్చేది, వీధిలో తేరు, స్వరూపాలు, కొవ్వొత్తులు పట్టుకుని పాటలు పాడుతూ ప్రదక్షిణ, ఇవన్నీ వచ్చేది రోము, స్పెయిను, ఫ్రాన్సు బొమ్మల్లో. అక్కడి కతోలికులకి ప్రదక్షిణ ఇష్టం లేక కాదు. 1829లో వాళ్ళకి పార్లమెంటులో కూర్చునే హక్కు ఇచ్చిన చట్టమే ఇంకో చేత్తో ఒక మెలిక పెట్టింది, గుడి బయట, సొంత ఇంటి బయట కతోలిక పూజా కార్యక్రమాలు చెయ్యకూడదు, మఠ వస్త్రాలు వేసుకుని బయట తిరగకూడదు, చేస్తే 50 పౌన్లు జరిమానా. గట్టిగా అమలు చేసింది తక్కువే గానీ మెడ మీద కత్తి మాత్రం అలాగే ఉండేది. 1852 జూన్‌లో ప్రభుత్వం మళ్ళీ ఒక ప్రకటన ఇచ్చి ఊరేగింపులు చట్టవిరుద్ధం అని గుర్తుచేసింది. అదే నెలాఖరులో స్టాక్‌పోర్ట్ అనే ఊళ్ళో కతోలిక సండే స్కూలు పిల్లల్ని ఏటా తిప్పినట్టే వీధిలో తిప్పారు, ఆ మర్నాటి నుంచి గొడవలు మొదలై రెండు గుళ్ళు ధ్వంసం చేశారు, ఐరిష్ వాళ్ళ ఇళ్ళు పగలగొట్టారు, ఒకతను చచ్చిపోయాడు. విక్టోరియా పోయాక కూడా ఇది తెగలేదు, 1908లో లండన్‌లో అంతర్జాతీయ దివ్యసత్ప్రసాద మహాసభ జరిగితే సత్ప్రసాదాన్ని, అంటే పూజలో పవిత్రం చేసిన అప్పాన్ని, వీధిలో ఊరేగించడానికి వీల్లేదని ప్రధాని ఆస్క్విత్ ఆపేయించారు, అది లేకుండానే ప్రదక్షిణ చేసి, వెస్ట్‌మిన్‌స్టర్ కథెడ్రల్ బాల్కనీ మీద నుంచి జనానికి ఆశీర్వాదం ఇచ్చారు.

ఇప్పుడు ఆ పత్రికల్ని వారం వారం కొనుక్కుని చదివే లండన్ మధ్యతరగతి కుటుంబం సంగతి ఆలోచించండి. కతోలిక పండగ అంటే వాళ్ళకి కనపడేదంతా ఎక్కడో పరాయి దేశంలో, ఎండలో, రంగురంగుల జనం మధ్య జరిగే వింత. తమ వీధి చివర గుళ్ళో ఐరిష్ కూలీలు చేసుకునే తెల్లవారుజాము పూజ వాళ్ళ కంట పడదు. మనం ఇవాళ ఆ బొమ్మలే తీసుకుని పాతకాలం చర్చి జీవితం అని వేస్తే ఆ ఎంపికని కూడా మనమే నెత్తికెత్తుకున్నట్టు. పెళ్ళి ఆల్బమ్ చూస్తే అందులో ఎవరివైపు చుట్టాలు ఎక్కువ ఉన్నారో దాన్ని బట్టి ఫోటోగ్రాఫర్‌కి డబ్బులిచ్చింది ఎవరో తెలిసిపోతుంది కదా, ఈ బొమ్మలూ అంతే.

ఇక 1850 సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థమే లేదు. ఆ ఏడు సెప్టెంబర్ 29న తొమ్మిదో పయస్ పోపు గారు ఇంగ్లండులో కతోలిక మేత్రాసనాలు, అంటే ఒక్కో బిషప్ గారి కింద ఉండే ప్రాంతాలు, మళ్ళీ ఏర్పాటు చేశారు, మూడు వందల ఏళ్ళ తర్వాత. నికొలస్ వైజ్‌మన్ గారు కార్డినల్, వెస్ట్‌మిన్‌స్టర్ ఆర్చిబిషప్. ఆయన రోము నుంచి రాసిన మొదటి జాబు కాస్త ఆర్భాటంగా ఉండటంతో ఇంగ్లండు భగ్గుమంది, పోపు మన దేశం మీదకి దండెత్తాడు అని పేపర్లన్నీ ఒకటే గోల. ప్రధాని లార్డ్ జాన్ రస్సెల్ స్వయంగా ఒక బిషప్‌కి రెచ్చగొట్టే ఉత్తరం రాసి పేపర్లకి ఎక్కించారు. నవంబర్ 5, పార్లమెంటుని పేల్చబోయి దొరికిన కతోలికుడు గై ఫాక్స్ బొమ్మని అక్కడ ఏటా తగలబెట్టే రోజు, ఆ ఏడు చాలా ఊళ్ళలో పోపు గారి బొమ్మ, వైజ్‌మన్ గారి బొమ్మ చేసి తగలబెట్టారు. పంచ్ అనే హాస్యపత్రిక వారం వారం తలపాగా కిరీటాలు, వంకర చేతికర్రలు, పొగ ధూపాలు పెట్టి కార్టూన్లు వేసింది. మనం గౌరవంగా చూసే బిషప్ గారి మైటర్, అంటే ఆ ఎత్తు టోపీ, ఆ కార్టూన్లలో దొంగ టోపీ అయిపోయింది.

అప్పుడు పంచ్‌లో రిచర్డ్ డోయల్ అని ఒక ఆర్టిస్టు ఉండేవాడు, ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, నిష్ఠగల కతోలికుడు. పత్రిక అట్ట బొమ్మ గీసింది ఆయనే. తన మతం మీద ఇలా వేస్తే నేనుండను అని 1850 చివర్లో ఉద్యోగం వదిలేసి పోయాడు. తమాషా ఏంటంటే ఆయన వెళ్ళిపోయినా ఆయన గీసిన అట్ట మాత్రం పంచ్ వాళ్ళు 1956 దాకా వాడుకున్నారు. షెర్లాక్ హోమ్స్ సృష్టించిన కానన్ డోయల్‌కి ఈయన సొంత పెదనాన్న, ఆ ఇల్లంతా బొమ్మలు గీసేవాళ్ళే. జీతం వదులుకున్న ఆర్టిస్టు ఒకడున్నాడు అంటే ఆ బొమ్మలు ఎంత మందిని గుచ్చుకున్నాయో చూసుకోండి. అలాగని పంచ్ అంతా ఒకవైపే అనుకోకండి, 1851లో జాన్ లీచ్ వేసిన ఒక కార్టూన్‌లో ప్రధాని రస్సెల్‌నే తుంటరి పిల్లాడిగా గీశాడు, వైజ్‌మన్ గారి తలుపు మీద సుద్దముక్కతో పోపు వద్దు అని రాసేసి పారిపోతున్నట్టు. ఎందుకంటే రస్సెల్ అంత హడావుడి చేసి తెచ్చిన చట్టం, కతోలిక బిషప్పులు ఇంగ్లండు ఊళ్ళ పేర్లతో బిరుదులు పెట్టుకోకూడదు అనే చట్టం, ఒక్కళ్ళ మీద కూడా వాడలేదు, 1871లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం తీసి పారేసింది.

మరి మా కతోలికులు బొమ్మల విషయంలో అంత అమాయకులా అంటే అదీ కాదు. అగస్టస్ ప్యూజిన్ అని, పార్లమెంటు భవనం లోపలి సింగారం అంతా ఆయనదే, 1835లో కతోలికుడయ్యాడు. మరుసటేడే ఒక బొమ్మల పుస్తకం వేశాడు, పాత కతోలిక కాలం కట్టడాలు ఒక పక్క, తన కాలపు కట్టడాలు ఒక పక్క. 1841లో అదే పుస్తకం మళ్ళీ వేసినప్పుడు కలిపిన బొమ్మలైతే మరీ ఘాటు. 1440లో ఒక పట్టణం, ఎటు చూసినా గుడి గోపురాలు. 1840లో అదే పట్టణం, గోపురాల జాగాలో ఫ్యాక్టరీ గొట్టాలు, ముందు పెద్ద జైలు. ఇంకో జతలో పాతకాలం మఠంలో పేదవాడికి రొట్టె మాంసం పెట్టి గౌరవంగా పాతిపెడితే, కొత్త కాలం పేదల హాస్టల్లో గంజి పోసి, చచ్చాక శవాన్ని కోతకి పంపిస్తారు. నాకు ఆ మనిషంటే అభిమానమే గానీ 1440లో మురుగు కాలవలూ ప్లేగులూ ఆ బొమ్మలో ఎక్కడికి పోయాయి. మన గతం మీద మనం వేసుకున్న బొమ్మని కూడా అంతే జాగ్రత్తగా చూడాలి.

ఈ ప్యూజిన్ గారి వల్లే ఒక పనికొచ్చే గుర్తు కూడా తెలిసింది. పూజ చేసే గురువు పైన వేసుకునే వస్త్రం ఆ రోజుల్లో రోము పద్ధతిలో ముందూ వెనకా అట్టలాగా గట్టిగా, భుజాల దగ్గర కోసేసి ఉండేది. ప్యూజిన్‌కి అది నచ్చదు, పాతకాలంలోలాగా వెడల్పుగా మడతలు పడుతూ జారే వస్త్రం కావాలని పట్టుపట్టాడు, ఆ కొత్త పద్ధతి ఏంటని రోము నుంచి మందలింపు కూడా వచ్చింది. ఆంగ్లికన్ల నుంచి వచ్చి కతోలికుడైన న్యూమన్ గారి ఒరటోరి అనే సంఘం గురువులకీ ఈయనకీ పీఠం ముందు చెక్క తెర ఉండాలా వద్దా అని పెద్ద తగాదా. కాబట్టి బొమ్మలో వస్త్రం వెడల్పు, తెర ఉందా లేదా చూస్తే ఆ గుడి ఎవరి చేతిలో ఉందో కొంత పోల్చుకోవచ్చు. పూజ చేసే గురువు వీపు మనవైపు ఉండటం మాత్రం అన్నిట్లోనూ ఒకటే, 1960ల దాకా మన దగ్గరా అంతే కదా, లాటిన్ పూజ చూసిన పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. అందుకే ఆర్టిస్టులు అప్పాన్ని పైకెత్తి గంట కొట్టే ఘడియ ఎక్కువ పట్టుకున్నారని నా అనుమానం, వీపు తప్ప ఇంకేమీ కనపడని పూజలో గీయడానికి దొరికేది అదే.

అయితే ఒక్క మాట, కొవ్వొత్తులు, ధూపం, మెరిసే వస్త్రాలు కనపడ్డాయి కదా అని కతోలిక అని వేసేయకండి. ఆ కాలంలో ఇంగ్లండు ప్రభుత్వ సంఘంలోనే, అంటే ఆంగ్లికన్లలోనే, ఒక వర్గం ఇవన్నీ మళ్ళీ మొదలుపెట్టింది, రస్సెల్ ఉత్తరంలో అసలు కోపం సగం వాళ్ళ మీదే. వాళ్ళని ఆపడానికి 1874లో ప్రత్యేకంగా చట్టం చేశారు. ఆర్థర్ టూత్ అనే పాదిరి 1877లో జైలుకి పోయాడు, తర్వాత ఇంకో నలుగురు, అందులో గ్రీన్ అనే ఆయన ఏడాదిన్నర పైన లాంకస్టర్ కోటలో ఉన్నాడు. దొంగతనానికి కాదు, పూజలో కొవ్వొత్తులూ వస్త్రాలూ లాంటి వాటి విషయంలో కోర్టు మాట విననందుకు. ఇప్పుడు మనకి నవ్వొస్తుంది గానీ ఆ బొమ్మల్లో సగం ఈ తగాదా బొమ్మలే. వాటిని తీసుకొచ్చి కతోలిక పూజ అని వేస్తే అటు వాళ్ళూ ఒప్పుకోరు ఇటు మేమూ ఒప్పుకోం.

ఐర్లండు బొమ్మలు వీటన్నిటికంటే వేరు, మీరు వేసినదీ అందులోదే కాబట్టి ఇంకొంచెం చెప్పాలి. 1847 మొదట్లో కరువు బాగా ముదిరినప్పుడు లండన్ న్యూస్ వాళ్ళు కార్క్ ఊరి ఆర్టిస్టు జేమ్స్ మహోనీని స్కిబరీన్ వైపు పంపారు. దారిలో క్లోనకిల్టీలో ఒకామె చచ్చిపోయిన బిడ్డని చేతుల్లో పెట్టుకుని శవపెట్టె కొనడానికి అడుక్కుంటుంటే అది గీశాడు, ఫిబ్రవరి 13 సంచికలో వచ్చింది. ఆయన అక్కడివాడు, తన కళ్ళతో చూసి గీశాడు, హాంబర్గ్ మంటల్లాంటిది కాదు. ఒకే పత్రిక, ఐదేళ్ళ తేడా, ఒక బొమ్మ మ్యూజియంలో పుట్టింది, ఇంకోటి రోడ్డు మీద పుట్టింది, కింద వివరం లేకపోతే పాఠకుడికి రెండూ ఒకటే.

ఇంకొకాయన అలోషియస్ ఓకెలీ, 1880లలో రైతుల భూపోరాటం జరుగుతున్నప్పుడు ఇదే పత్రికకి ఐర్లండు నుంచి బొమ్మలు పంపినాయన. ఆయన వేసిన రంగుల చిత్రం ఒకటి ఉంది, కోనెమారా ప్రాంతంలో ఒక పేద ఇంట్లో పూజ. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి దాన్నే పీఠం చేశారు, గురువు పూజావస్త్రాల్లో దీవిస్తున్నారు, ఇంట్లోవాళ్ళూ ఇరుగుపొరుగూ మట్టినేల మీద మోకాళ్ళూనారు. గుడి దూరమైన చోట ఫాదర్ గారే ఇంటికొచ్చి పాపసంకీర్తనాలు, అంటే జనం చెప్పుకునే తప్పులు విని పూజ చేసి పోయే పద్ధతి అక్కడ మామూలు. మన డెల్టాలో, పల్నాడులో ఫాదర్ గారు అప్పుడప్పుడే వచ్చిపోయే ఉపవిచారణ ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఈ బొమ్మ చూపిస్తే వివరం చెప్పక్కర్లేదు, గుర్తుపట్టేస్తారు. 1850లో ఐర్లండు బిషప్పులు తుర్లెస్‌లో సభ పెట్టుకుని సంస్కారాలు ఇళ్ళలో కాదు గుళ్ళోనే జరగాలని గట్టిగా చెప్పారు, అంటే ఓకెలీ గీసే నాటికి పెద్దలు తగ్గించమన్నదాన్నే ఆయన కళ్ళకి కట్టినట్టు గీశాడు. 1884లో పారిస్‌లో ప్రదర్శించిన ఆ చిత్రం తర్వాత కనపడకుండా పోయి 2002లో ఎడిన్‌బరోలో దొరికింది. విక్టోరియా కాలం కతోలిక జీవితానికి ఒక్క బొమ్మ ఎంచుకోమంటే నేను ఇదే ఎంచుకుంటా, రోము గుమ్మటాలు కాదు.

మనకి దీంతో ఏం పని అనే పాఠకులు కూడా ఉంటారు. గుంటూరు, నెల్లూరు, ఫిరంగిపురం వైపు 1875 నుంచి పనిచేసిన మిల్‌హిల్ గురువుల మఠం లండన్ పక్కన 1866లో పెట్టిందే, పెట్టినాయన హెర్బర్ట్ వాన్, తర్వాత కార్డినల్ అయి వెస్ట్‌మిన్‌స్టర్ కథెడ్రల్ కట్టడం మొదలుపెట్టించారు. టాబ్లెట్ అనే కతోలిక వారపత్రికని కూడా 1868లో కొన్నారు, అంటే అచ్చు బలం తెలిసిన మనిషి. విశాఖ వైపు 1846లోనే ఫ్రాన్సు సరిహద్దు సవోయ్ నుంచి ఆనెసీ గురువులు వచ్చారు. 1868 నుంచి లియోన్ నగరంలో మిషన్ల మీద ఒక బొమ్మల వారపత్రిక నడిచేది, ఆసియా ఆఫ్రికా నుంచి గురువులు రాసిన ఉత్తరాలు చెక్కడం బొమ్మలతో వేసేది. ఆ బొమ్మలు చూసే అక్కడివాళ్ళు చందాలు ఇచ్చారు, ఆ చందాలతోనే మిషన్లలో గుళ్ళూ బడులూ లేచాయి. కాబట్టి ఎవరు ఎవర్ని ఎలా గీశారు అనేది మా గుడి గోడల దాకా వచ్చిన సంగతే.

మీ డెస్కువాళ్ళకి నా మనవి ఇంతే. ఈ పాత బొమ్మలకి కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, ఫ్రీగా దొరుకుతాయి, వేసుకోండి, వద్దనడం లేదు. కానీ దించుకునేటప్పుడు బొమ్మ అడుగున అచ్చు అక్షరాల్లో ఉండే లైనుని కత్తిరించి పారేయకండి, సగం సమాచారం అక్కడే ఉంటుంది, మూలల్లో సన్నగా ఉండే సంతకాలు కూడా, చాలాసార్లు గీసినవాడిది ఒక పక్క, చెక్కినవాళ్ళది ఒక పక్క ఉంటాయి. పత్రిక పేరు, తేదీ, ఏ దేశం, ఇవి మూడూ వేస్తే చాలు, ఒక లైనుకి మించదు. పేజీలో ఖాళీ లేదనకండి, ఆ బొమ్మ కింద అంగుళం మందాన రంగు పట్టీ వేశారు, నేను కొలిచాను. వచ్చే ఆదివారం చిన్న సవరణ కూడా వేస్తే సంతోషం, ఐర్లండు కరువు వలస అని.

ఇంకోటి, ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి ఎలాగూ స్పెషల్ పేజీ వేస్తారు, అందులో లూర్దు గుహ పాత బొమ్మ కూడా ఉంటుంది, ఇప్పుడే చెప్పేస్తా. లూర్దులో 1858 ఫిబ్రవరి 11న మరియమాతని చూసింది బెర్నదెత్ ఒక్కతే, పద్నాలుగేళ్ళ పిల్ల. ఫోటో లేదు, ఉండదు. మనం గుహల్లో చూసే తెల్లటి స్వరూపం, నడుముకి నీలం పట్టీ, చేతులు జోడించి పైకి చూస్తూ, అది ఫాబిష్ అనే శిల్పి చెక్కి 1864లో అక్కడ పెట్టింది. బెర్నదెత్‌ని అడిగి అడిగి చెక్కాడు, తీరా చూపిస్తే ఆ పిల్లకి నచ్చలేదు, తను చూసిన ఆమె ఇంకా చిన్నది, ఇలా లేదు అంది. ఆ తర్వాత వచ్చిన లూర్దు బొమ్మలు చాలావరకు ఆ శిల్పాన్ని చూసి గీసినవే. వెయ్యండి, కింద మాత్రం దర్శనం నాటి చిత్రం అని వెయ్యకండి.

ఇట్లు,
ఒక పాత ప్రెస్సు మనిషి,
గుంటూరు